సంతకం పెట్టే రోజున మీరెక్కడున్నారు?

మెల్‌బోర్న్‌లో ఇల్లు ఉంచుకుని హైదరాబాద్ వచ్చేసినవాళ్ళని ఇల్లేం చేశారని అడిగి చూడండి. "ఉండనీలే, అద్దె వస్తోందిగా. పిల్లలు కాస్త పెద్దయ్యాక చూద్దాం" అంటారు. ఆ మాటలో తప్పు పట్టడానికేమీ కనిపించదు. ఆస్తి విషయంలో మన ఇళ్ళల్లో నేర్పింది ఇదే: కొనడానికి తొందరపడు, అమ్మడానికి ఆగు. గుంటూరులో స్థలానికీ, కరీంనగర్‌లో ఇంటికీ ఈ సూత్రం చాలామటుకు పనిచేసింది కూడా. ఆగినవాళ్ళకి నాలుగు రాళ్ళు ఎక్కువే దక్కాయి.

ఆస్ట్రేలియా ఇంటి సంగతి వేరు. అక్కడ సొంతిల్లు అమ్మితే వచ్చే లాభం మీద, అక్కడ ఉన్నంతకాలం, మామూలుగా పన్ను ఉండదు. ఊరు వదిలాక అదే ఇల్లు, అదే ధరకి అమ్మితే లాభం మొత్తం మీద పన్ను పడుతుంది. ఇల్లు మారలేదు, కొన్నవాడూ మారలేదు. మారింది మీరు కాపురముంటున్న దేశం.

ఈ అధ్యాయం మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లోనో, పాయింట్ కుక్‌లోనో, సిడ్నీ బ్లాక్‌టౌన్ వైపో ఇల్లు కొనుక్కుని, కొన్నేళ్ళుండి, తర్వాత ఇండియాకో అమెరికాకో దుబాయ్‌కో మారినవాళ్ళ కోసం. ఇంకా పెట్టెలు సర్దుకోనివాళ్ళ కోసం మరీ ముఖ్యంగా. వాళ్ళ చేతిలో ఇంకా దారి ఉంది.

ముందు ఒక అపోహ వదిలించుకుందాం. "నాకు ఆస్ట్రేలియా పాస్‌పోర్ట్ ఉంది, నేను ఫారినర్ ఎలా అవుతాను?" అని చాలామంది అడుగుతారు. ఆదాయపన్ను దగ్గర పాస్‌పోర్ట్ పనికిరాదు. ఏటీఓ, అంటే అక్కడి పన్నుల శాఖ, చూసేది మీరు పన్ను లెక్కలో రెసిడెంటా కాదా అని మాత్రమే. ఆస్ట్రేలియా పౌరసత్వం తీసుకుని, ఓసీఐ కార్డుతో కూకట్‌పల్లిలో స్థిరపడిన మనిషి వాళ్ళ లెక్కలో ఫారిన్ రెసిడెంట్ కావచ్చు. తాత్కాలిక వీసా మీద మెల్‌బోర్న్ ట్రుగనీనాలో కాపురముంటూ ఉద్యోగం చేస్తున్న ఇండియా పౌరుడు రెసిడెంట్ కావచ్చు. ఇది ఎవరో స్టాంపు వేసి ఇచ్చే హోదా కాదు. కుటుంబం ఎక్కడుంది, ఉద్యోగం ఎక్కడ, సామాను ఎక్కడ, మళ్ళీ వచ్చే ఉద్దేశం ఉందా అన్నవన్నీ కలిపి తేల్చే విషయం.

2020 జూన్ 30 తర్వాత

పాతరోజుల్లో ఈ బాధ లేదు. మీరు నివసించిన ఇంటిని మెయిన్ రెసిడెన్స్ అంటారు. దాన్ని అద్దెకిచ్చి దేశం వదిలి వెళ్ళినా, ఆరేళ్ళ వరకూ అది మీ సొంతిల్లుగానే చెల్లేది. ఆలోపు ఎక్కడినుంచి అమ్మినా పన్ను ఉండేది కాదు. 2017 మే 9 రాత్రి బడ్జెట్‌లో, ఫారిన్ రెసిడెంట్లకి ఈ మినహాయింపు తీసేస్తున్నట్టు ప్రకటించారు. అది చట్టం కావడానికి 2019 డిసెంబర్ దాకా పట్టింది. అప్పటికే బయట ఉన్నవాళ్ళు పాత ఇళ్ళు అమ్ముకోవడానికి 2020 జూన్ 30 వరకూ గడువిచ్చారు. ఆ ఆరు నెలల్లో సగం కోవిడ్ లాక్‌డౌన్లలోనే పోయింది. గడువు మాత్రం పొడిగించలేదు.

ఈ చట్టంలో పదునైన ముక్క ఒకటుంది, దాన్ని చాలామంది చూసీ చూడనట్టు వదిలేస్తారు. మినహాయింపు తగ్గడం కాదు, పూర్తిగా పోవడం. పదేళ్ళ యాజమాన్యంలో తొమ్మిదేళ్ళు మీరు అదే ఇంట్లో ఉన్నా, ఆ తొమ్మిదేళ్ళ వాటాకి మినహాయింపు ఇద్దామనే పద్ధతి లేదు. అమ్మకం ఒప్పందం మీద సంతకం పెట్టిన రోజున మీరు ఫారిన్ రెసిడెంట్ అయితే, ఇల్లు కొన్న రోజునుంచీ పెరిగిన లాభమంతా లెక్కలోకి వస్తుంది.

సంతకం పెట్టిన రోజు అన్నాను, గమనించండి. డబ్బు చేతికొచ్చి తాళాలు ఇచ్చే సెటిల్‌మెంట్ రోజు కాదు. మెల్‌బోర్న్‌లో శనివారం పూట వేలంపాట అయిపోగానే పాట గెలిచినవాళ్ళని లోపలికి పిలిచి, వంటింటి గట్టు మీదే కాగితాలు పరిచి సంతకాలు చేయిస్తారు. సెటిల్‌మెంట్ ఆ తర్వాత అరవై రోజులకో తొంభై రోజులకో జరుగుతుంది. లెక్కలోకి వచ్చేది ఆ శనివారమే. కాబట్టి వెళ్ళిపోవాలని నిర్ణయించుకున్న కుటుంబం, ఇంకా అక్కడ కాపురం ఉండగానే వేలం పెట్టి సంతకాలు ముగించుకుంటే చాలు. సెటిల్‌మెంట్ నాటికి హైదరాబాద్‌లో ఉన్నా మినహాయింపుకి ఢోకా లేదు. టికెట్లు బుక్ చేసి, పిల్లల స్కూల్ టీసీ తెచ్చుకుని, కంటైనర్‌లో సోఫాలు ఎక్కించే హడావుడిలో ఈ ఒక్క పని వెనక్కి పోతుంది. "అక్కడికెళ్ళాక తీరిగ్గా అమ్ముదాం" అనుకుంటారు. ఆ తీరిక ఎంతకి పడుతుందో ఇప్పుడు లెక్క వేద్దాం.

2015 జులైలో ఒకాయన ఇల్లు కొన్నాడనుకుందాం. ఏడేళ్ళు అందులోనే ఉన్నాడు. 2022 జులైలో కుటుంబంతో హైదరాబాద్ వచ్చేసి ఇల్లు అద్దెకిచ్చాడు. 2025 జులైలో 11 లక్షల డాలర్లకి అమ్మాడు. కొన్నప్పటి, అమ్మినప్పటి ఖర్చులు పోను లాభం 5 లక్షల డాలర్లు. ఇల్లు ఆయన ఒక్కడి పేరునే ఉంది.

ఇదే ఇంటిని 2022లో బయలుదేరే ముందు అమ్మి ఉంటే పన్ను సున్నా. అక్కడే ఉద్యోగం దొరికి 2025 జనవరిలో కుటుంబంతో సహా మళ్ళీ మెల్‌బోర్న్‌కి మారిపోయి ఆ తర్వాత అమ్మినా, ఈ మధ్యలో వేరే ఇంటిని సొంతిల్లుగా చూపుకోనంతవరకూ, ఆరేళ్ళ నియమం కింద సున్నానే. కానీ ఆయన హైదరాబాద్‌లో కూర్చుని సంతకం పెట్టాడు.

అక్కడ ఏడాదికి మించి ఉంచుకున్న ఆస్తి లాభంలో సగానికే పన్ను వేస్తారు. ఈ సగం తగ్గింపు కూడా ఫారిన్ రెసిడెంట్లకి 2012 మే 8 తర్వాతి కాలానికి లేదు. అదృష్టవశాత్తూ దీన్ని మాత్రం కాలం వాటాగా లెక్కిస్తారు. మనవాడు పదేళ్ళలో ఏడేళ్ళు రెసిడెంట్. కాబట్టి ఆయనకి 50 శాతం బదులు 35 శాతం తగ్గింపు వస్తుంది. 5 లక్షల్లో 1,75,000 పోగా మిగిలిన 3,25,000 డాలర్లకి పన్ను కట్టాలి. ఫారిన్ రెసిడెంట్లకి పన్ను లేని తొలి మెట్టు ఉండదు. 2025-26 రేట్ల ప్రకారం మొదటి డాలరు నుంచే 30 శాతం. 1,35,000 దాటాక 37, 1,90,000 దాటాక 45. వేరే ఆదాయమేదీ లేదనుకున్నా 40,500, 20,350, 60,750 కలిపి 1,21,600 డాలర్లు. డాలరు 55 రూపాయలనుకుంటే 66 లక్షల పైమాటే.

ఈ మూడేళ్ళలో ఆయనకి వచ్చిన అద్దె ఎంత, దాంట్లో బ్యాంకు వడ్డీకీ, ఏజెంటుకీ, కౌన్సిల్ రేట్లకీ పోయిందెంత అని ఒక కాగితం మీద రాసుకుంటే, "అద్దె వస్తోందిగా" అన్న మాట బలం ఎంతో తెలిసిపోతుంది.

ఇల్లు భార్యాభర్తలిద్దరి పేరునా ఉంటే లెక్క కొంచెం మెత్తబడుతుంది. లాభం చెరి సగం అవుతుంది. తక్కువ రేటు మెట్టు ఇద్దరికీ విడివిడిగా వర్తిస్తుంది. పై లెక్కే ఇద్దరికీ పంచితే మొత్తం 1,01,350 డాలర్లకి దిగుతుంది. అంతకన్నా ముఖ్యమైన సంగతి, ఇద్దరి హోదా కూడా విడివిడిగానే చూస్తారు. పిల్లల చదువు కోసం ఆమె అక్కడే ఉండిపోయి, ఆయన ఒక్కడే ఇండియా వచ్చేసిన ఇళ్ళు మనవాళ్ళలో చాలానే ఉన్నాయి. అలాంటిచోట ఆమె సగానికి మినహాయింపు నిలుస్తుంది. ఆయన సగానికి మాత్రమే దెబ్బ.

దయ చూపించిన చోటు ఒకటుంది. విదేశవాసం వరసగా ఆరేళ్ళు దాటకుండా ఉండి, ఆ కాలంలో మీకో, మీ భర్తకో భార్యకో, పద్దెనిమిదేళ్ళ లోపు బిడ్డకో ప్రాణాంతకమైన జబ్బు వచ్చినా, భార్యాభర్తల్లో ఒకరో ఆ బిడ్డో చనిపోయినా, విడాకుల్లో ఆస్తి పంచుకోవాల్సి వచ్చినా, పాత మినహాయింపు దొరుకుతుంది. అమ్మానాన్నల జబ్బు ఈ జాబితాలో లేదు. మనవాళ్ళు తిరిగి రావడానికి అతి పెద్ద కారణం అదే అయినా సరే.

"అయితే ఓ రెండు నెలలు వెళ్ళి అక్కడుండి అమ్మేసి వస్తాను" అనే తెలివి అందరికీ తడుతుంది. ఏటీఓకీ తడుతుంది. చుట్టపుచూపుగా వెళ్ళి ఎయిర్‌బీఎన్‌బీలో దిగి వేలంపాట చూసుకుని వస్తే రెసిడెంట్ అయిపోరు. నిజంగా కాపురం మార్చాలి. మారే ఉద్దేశం మీకు ఎలాగూ ఉంటే మాత్రం, అమ్మకాన్ని ఆ మార్పు తర్వాతికి జరపడం న్యాయమైన పనే, లాభసాటి కూడా.

పాత కాగితాలే డబ్బు

వచ్చేశాం, అమ్మక తప్పదు, పన్ను తప్పదు అనుకునేవాళ్ళకి ఈ అధ్యాయంలో అన్నిటికన్నా పనికొచ్చే సంగతి ఇది. నా అనుభవంలో చాలా లెక్కల్లో వదిలేసేదీ ఇదే.

లాభం అంటే అమ్మిన ధరలోంచి కొన్న ధర తీసేయడమే కాదు. కొన్నప్పుడు కట్టిన స్టాంప్ డ్యూటీ, కన్వేయన్సర్ ఫీజు, తర్వాత వెనకాల వేసిన పెర్గోలా, మార్చిన వంటగది, అమ్మేటప్పుడు ఏజెంటు కమిషన్, ప్రకటనల ఖర్చు ఇవన్నీ ఖర్చు కింద కలుపుకోవచ్చని చాలామందికి తెలుసు. 1991 ఆగస్టు 20 తర్వాత కొన్న ఆస్తికి ఇంకొకటి కూడా కలుపుకోవచ్చు. మీరు ఆ ఇంట్లో సొంతంగా ఉన్న కాలంలో కట్టిన హోమ్‌లోన్ వడ్డీ, కౌన్సిల్ రేట్లు, ఇంటి బీమా, మరమ్మతులు. వీటిని అద్దె ఆదాయంలో అప్పటికే తీసేసుకుని ఉండకూడదు, అంతే షరతు. సొంతిల్లు అమ్మితే పన్నే లేనప్పుడు ఈ వివరాలు ఎవరికీ అక్కర్లేదు. అందుకే ఎవరూ దాచుకోరు. పన్ను పడ్డాక ఇవే ప్రాణం.

పైన చెప్పినాయన ఆ ఏడేళ్ళలో వడ్డీ, రేట్లు, బీమా కలిపి లక్షన్నర డాలర్లు కట్టాడనుకోండి. లాభం 5 లక్షల నుంచి మూడున్నర లక్షలకి దిగుతుంది. 35 శాతం తగ్గింపు పోగా 2,27,500 మీద పన్ను 77,725 డాలర్లు. అంటే బ్యాంకు స్టేట్‌మెంట్లు ఉన్నవాడికి, లేనివాడికి తేడా 43,875 డాలర్లు. ఏడేళ్ళ పీడీఎఫ్‌లు డౌన్‌లోడ్ చేయడానికి ఒక సాయంత్రం పట్టదు.

ఆ సాయంత్రం అక్కడుండగానే గడపాలి. ఎందుకంటే వచ్చేశాక ఆస్ట్రేలియా ఫోన్ నంబరు ఆపేస్తారు. ఇంటర్నెట్ బ్యాంకింగ్ ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది. మధ్యలో తక్కువ వడ్డీ కోసం ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకి లోన్ మార్చుకుని ఉంటే, పాత బ్యాంకు ఖాతా ఎప్పుడో మూసేసి ఉంటుంది. దాని స్టేట్‌మెంట్లే ముందు అడిగి తెచ్చుకోండి. కౌన్సిల్ రేట్ల నోటీసులు, నీటి బిల్లులు, ఇన్సూరెన్స్ కాగితాలు, బన్నింగ్స్ బిల్లులతో సహా ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. తాళాల గుత్తి కన్నా ఆ ఫోల్డరే జాగ్రత్తగా దాచాల్సింది.

ఇందులోనే ఒక వెనకడుగు కూడా ఉంది. అద్దెకిచ్చిన కాలంలో కట్టడం మీద ఏటా రెండున్నర శాతం తరుగుదల క్లెయిమ్ చేసుకుని ఉంటే, ఆ మొత్తాన్ని ఖర్చులోంచి తగ్గించాలి. అప్పుడు తిన్నది ఇప్పుడు లెక్కలోకి వస్తుంది. దానికి బాధపడేదేమీ లేదు, ముందే తెలిసి ఉంటే చాలు.

2012 మే 8 కంటే ముందు కొన్న ఇల్లయి, ఆ రోజున మీరు ఫారిన్ లేదా తాత్కాలిక రెసిడెంట్‌గా ఉండి ఉంటే, ఆనాటి దాని మార్కెట్ విలువ ఎంతో ఒక వాల్యుయర్ చేత రాయించుకోండి. అప్పటివరకూ పెరిగిన లాభానికి సగం తగ్గింపు దక్కించుకోవడానికి అది ఆధారం.

కొనుగోలుదారు చేతిలో కత్తెర

ఇప్పటిదాకా చెప్పింది చివరికి తేలే పన్ను. దానికన్నా ముందే, సెటిల్‌మెంట్ రోజునే, డబ్బు కోతపడుతుంది. మన టీడీఎస్ లాంటిదే. అక్కడ దాన్ని విత్‌హోల్డింగ్ అంటారు. 2016 జులై 1న మొదలుపెట్టినప్పుడు 20 లక్షల డాలర్లు, ఆపైన పలికే ఆస్తులకి 10 శాతం. మామూలు ఇళ్ళ జోలికి రాలేదు. ఏడాది తిరిగేసరికి 12.5 శాతం చేసి, హద్దు ఏడున్నర లక్షలకి దించారు. 2025 జనవరి 1 నుంచి 15 శాతం. హద్దు పూర్తిగా ఎత్తేశారు. ఆ తేదీ తర్వాత ఒప్పందమైన ఇల్లు ఎంత చిన్నదైనా సరే.

ఈ 15 శాతం లాభం మీద కాదు, అమ్మకం ధర మీద. 11 లక్షల ఇంటికి 1,65,000. కొనుగోలుదారు దాన్ని పట్టుకుని ఏటీఓకి కట్టాలి. కట్టకపోతే ఆ బాకీ తన మెడకి చుట్టుకుంటుంది. కాబట్టి అతన్ని బతిమాలి ప్రయోజనం లేదు. సెటిల్‌మెంట్ కాగితం ఒకసారి చూడండి: పైన అమ్మకం ధర, కింద వరసగా బ్యాంకుకి పోయేది, ఏజెంటుకి పోయేది, కౌన్సిల్ రేట్ల సర్దుబాటు, ఏటీఓకి పోయేది. మీ ఖాతాలో పడేది అన్నిటికన్నా చివరి గీత. హైదరాబాద్‌లో ఫ్లాట్‌కి అడ్వాన్స్ ఇచ్చేవాళ్ళు ఆ చివరి గీతని చూసుకుని ఇవ్వాలి, పై అంకెని చూసి కాదు.

ఇక్కడ ఇంకో సంగతి, ఇప్పటికీ మెల్‌బోర్న్‌లోనే ఉన్న మనవాళ్ళ కోసం. ఈ కోత ఫారిన్ రెసిడెంట్ల కోసమే పెట్టినా, తాను ఫారిన్ రెసిడెంట్ కాదని నిరూపించుకోవాల్సింది అమ్మేవాడే. ఏటీఓ ఇచ్చే క్లియరెన్స్ సర్టిఫికెట్ సెటిల్‌మెంట్ లోపు చూపించకపోతే, ముప్పై ఏళ్ళుగా అక్కడే ఉన్నవాడికైనా 15 శాతం కోసేస్తారు. సర్టిఫికెట్‌కి రుసుము లేదు, ఆన్‌లైన్‌లో అడగొచ్చు, పన్నెండు నెలలు చెల్లుతుంది. టైటిల్ మీద ఎన్ని పేర్లుంటే అన్ని సర్టిఫికెట్లు కావాలి. ఒక్కోసారి నాలుగు వారాలు కూడా పడుతుంది. ఇల్లు అమ్మకానికి పెట్టే వారంలోనే దరఖాస్తు పెట్టుకోవాలి. టైటిల్ మీద ఇంటిపేరు ముందుండి, పాస్‌పోర్ట్‌లో వెనకుండి, ఏటీఓ రికార్డులో పొడి అక్షరంగా ఉండే మన పేర్లకి ఈ నాలుగు వారాలూ అక్షరాలా అవసరమే.

బయట ఉన్నవాళ్ళకి ఈ సర్టిఫికెట్ రాదు. "అక్కడి అడ్రసు ఇచ్చి తెచ్చేసుకుంటే?" అనకండి. అది అబద్ధపు డిక్లరేషన్ అవుతుంది, ఆ తర్వాత రిటర్న్‌లో బయటపడుతుంది. మీకున్న దారి వేరియేషన్. లాభమే లేదనో, కోత తేలే పన్నుకన్నా బాగా ఎక్కువనో, బ్యాంకు అప్పు తీర్చాక కోతకి సరిపడా డబ్బు మిగలదనో చూపించి రేటు తగ్గించమని ఏటీఓని అడగడం. దీనికి అంకెలు కావాలి. అంకెలకి ఆ ఫోల్డర్ కావాలి. పాయింట్ కుక్ ఇల్లు 7 లక్షలకి అమ్ముడై, దాని మీద ఆరున్నర లక్షల అప్పుంటే, కోత 1,05,000 ఎక్కడినుంచి తేవాలో సెటిల్‌మెంట్ ముందు రోజు ఆలోచించే విషయం కాదు.

కోసిన డబ్బు పోయినట్టు కాదు. రిటర్న్ వేసి, అసలు పన్ను పోను మిగిలింది వెనక్కి తెచ్చుకోవచ్చు. మన ఉదాహరణలో ఖర్చులన్నీ కలుపుకున్నాయనకి 1,65,000లోంచి 87,275 డాలర్లు తిరిగొస్తాయి. కానీ ఎప్పుడు? అక్కడ పన్ను సంవత్సరం జులైలో మొదలై జూన్‌లో ముగుస్తుంది. 2025 జులైలో సంతకం పెట్టినవాడు 2026 జూన్ గడిచాక కానీ మామూలుగా రిటర్న్ వేయలేడు. దాదాపు ఏడాదిపాటు ఆ డబ్బు ప్రభుత్వం దగ్గర ఉంటుంది. మే, జూన్ నెలల్లో ఒప్పందం చేసుకుంటే ఎదురుచూపు తగ్గుతుంది.

ఉంచుకోవడానికీ ఖర్చే

అమ్మకుండా ఉంచేద్దామనుకునేవాళ్ళకి ఒక్క మాట. విక్టోరియా రాష్ట్రంలో ఏటా కట్టే భూమి పన్ను మీద, అక్కడ లేని విదేశీ యజమానులకి అదనపు పన్ను ఉంది. 2024 నుంచి దాన్ని స్థలం విలువలో 2 శాతం నుంచి 4 శాతానికి పెంచారు. స్థలం విలువ 5 లక్షలైతే ఏటా 20,000 డాలర్లు. తమాషా ఏమిటంటే ఇక్కడ పాస్‌పోర్ట్ పనికొస్తుంది. ఆస్ట్రేలియా పౌరులకి, పీఆర్, అంటే శాశ్వత నివాస హక్కు, ఉన్నవాళ్ళకి ఇది పడదు. పౌరసత్వం తీసుకోకుండా, పీఆర్ కూడా వదులుకుని వచ్చేసినవాళ్ళకే పడుతుంది. కేంద్రం పన్నుకి ఒక లెక్క, రాష్ట్రం పన్నుకి ఇంకో లెక్క.

అమ్మకూడదనేవాళ్ళ వాదనలో నిజం అసలు లేదనను. పౌరసత్వం, పీఆర్ లేనివాళ్ళు పాత ఇళ్ళు కొనడాన్ని ఆస్ట్రేలియా 2025 ఏప్రిల్ 1 నుంచి 2027 మార్చి 31 వరకూ కొద్ది మినహాయింపులతో నిషేధించింది. అమ్మేశాక మళ్ళీ కొనుక్కోవడం అందరికీ కుదరదు. పిల్లలు అక్కడ చదువుకుంటారని గట్టిగా తెలిసినవాళ్ళు, తిరిగి వెళ్ళే తేదీ ఉన్నవాళ్ళు ఉంచుకోవడంలో అర్థముంది. తేదీ లేనివాళ్ళ "చూద్దాం" గురించే నా అభ్యంతరం.

ఇండియాలో ఏం చేయాలి?

"రెండు దేశాల మధ్య ఒప్పందం ఉందిగా, రెండుసార్లు పన్ను పడదుగా" అంటారు. నిజమే. అయితే ఆ ఒప్పందం భూమి ఎక్కడుంటే పన్ను వేసే మొదటి హక్కు ఆ దేశానికే ఇచ్చింది. ఆస్ట్రేలియా పన్నుని అది ఒక్క డాలరు కూడా తగ్గించదు. ఇండియా వేసే పన్నులోంచి మాత్రం అక్కడ కట్టింది మినహాయిస్తారు.

తిరిగొచ్చిన మొదటి రెండు, కొందరికి మూడు ఆర్థిక సంవత్సరాలు మీరు ఇక్కడ ఆర్ఎన్ఓఆర్ (రెసిడెంటే కానీ ఇంకా మామూలు రెసిడెంట్ కాదు) హోదాలో ఉంటారు. ఆ కాలంలో విదేశీ ఆస్తి లాభం మీద ఇండియాలో పన్ను లేదు. అది దాటాక పూర్తి రెసిడెంట్. అప్పుడు ప్రపంచంలో ఎక్కడి లాభమైనా ఇక్కడ చూపించాలి. దీర్ఘకాలిక లాభానికి 12.5 శాతం, కోటి దాటిన ఆదాయానికి సర్‌చార్జీ, సెస్సు కలిపి 14.95 వరకూ. 2024 జులై 23కి ముందు కొన్న ఇంటికి, ఇండెక్సేషన్‌తో 20 శాతం లెక్క తక్కువ వస్తే అదే కట్టే వీలు రెసిడెంట్లకి ఉంది. మన ఉదాహరణలో ఆస్ట్రేలియా పన్ను దీనికన్నా ఎక్కువ కాబట్టి ఇక్కడ కట్టేదేమీ దాదాపు మిగలదు. అక్కడ ఎక్కువ కట్టింది ఇక్కడ వాపసు రాదు. కట్టిన పన్నుని చూపించే ఫారం వేయాలి. 1961 చట్టం కింద అది ఫారం 67. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి కాబట్టి, అమ్మిన తేదీ చెప్పి ఏ ఫారమో మీ సీఏని అడగండి.

ఇక్కడే ఒక ఉచ్చు. అమ్మిన డబ్బుతో ఇండియాలో ఇల్లు కొంటే 1961 చట్టం సెక్షన్ 54 కింద పన్ను మాఫీ అని విని, హడావుడిగా కోకాపేటలో ఫ్లాట్ బుక్ చేసేవాళ్ళున్నారు. మాఫీ అయ్యేది ఇండియా పన్ను. ఆస్ట్రేలియాలో కట్టినదాని వల్ల అది ఎలాగూ సున్నాకి దగ్గరగా ఉంటే, మీరు మాఫీ చేయించుకున్నది ఏమీ లేదు. ఇల్లు కావాలంటే కొనుక్కోండి, పన్ను కోసం కొనకండి.

అక్కడి ఇంటిని ఏటా రిటర్న్‌లో విదేశీ ఆస్తుల షెడ్యూల్‌లో చూపించడం మాత్రం మరవద్దు. పూర్తి రెసిడెంట్ అయ్యాక చూపించకపోతే నల్లధన చట్టం కింద 10 లక్షల రూపాయల జరిమానా వేయొచ్చు. 2024 అక్టోబర్ నుంచి 20 లక్షల లోపు విదేశీ ఆస్తులకి ఆ జరిమానా సడలించారు కానీ, ఆ సడలింపు ఇళ్ళకీ స్థలాలకీ లేదు.

ఈ దిశలో నడుస్తున్నది ఆస్ట్రేలియా ఒక్కటే కాదు. బ్రిటన్ 2015 ఏప్రిల్ నుంచి బయటివాళ్ళ ఇళ్ళ లాభం మీద పన్ను మొదలుపెట్టింది. పన్ను లేకపోయినా అమ్మకం పూర్తయిన 60 రోజుల్లో చెప్పి తీరాలి. అమెరికా 2016 నుంచి కోతని 10 నుంచి 15 శాతానికి పెంచింది. మన దేశమూ తక్కువ తినలేదు. 2024లో రెసిడెంట్లకి ఇచ్చిన ఇండెక్సేషన్ వెసులుబాటుని ఎన్నారైలకి ఇవ్వలేదు. ఏ దేశంలో ఇల్లున్నా అడగాల్సిన ప్రశ్నలు అవే: సంతకం నాటికి నా హోదా ఏమిటి, కోత ఎంత, వాపసు ఎప్పుడు.

చివరగా బ్యాంకు ఖాతా. ఇండియా రెసిడెంట్ అయ్యాక కూడా, విదేశంలో ఉన్నప్పుడు కొన్న ఆస్తిని, దాన్ని అమ్మిన డబ్బుని అక్కడే ఉంచుకునే హక్కు ఫెమా చట్టం సెక్షన్ 6(4) ఇచ్చింది. కాబట్టి అమ్మిన వెంటనే మొత్తం ఇక్కడికి పంపించేసి, ఆ ఖాతా మూసేయాల్సిన పని లేదు. మూసేయకూడదు కూడా. ఏటీఓ వాపసు సొమ్ముని మామూలుగా ఆస్ట్రేలియా బ్యాంకు ఖాతాలోనే వేస్తుంది. రిటర్న్ వేసి, వాపసు పడి, ఏజెంటు ఆఖరి బిల్లు కట్టేదాకా ఆ ఖాతాలో కొంత డబ్బుంచండి. ఓటీపీ వచ్చే ఆ పాత ఫోన్ నంబరుకి కూడా రోమింగ్‌తో రీచార్జ్ చేయిస్తూ ఉండండి.